చావులమదుం దగ్గర సున్నా

రాత్రి రెండూ ఇరవై.
గోడంతా తెరలు, తెరల నిండా వాన.
ఏసీ చలికి తువ్వాలు కప్పుకుని
నేను ఊరికి కాపలా.

ఇక్కడ ఏదీ తడవదు.
అల లేచి బీచ్ రోడ్డు దాటినా చప్పుడుండదు.
కొబ్బరాకొకటి కెమెరా ముందు
వద్దు వద్దన్నట్టు ఊగుతుంటుంది.

మేఘాద్రిగెడ్డ నీటిమట్టం పసుపు.
గాజువాక గాలి ఆకుపచ్చ.
ఆ ఆకుపచ్చని రోజూ రెండుసార్లు చూసుకుంటాను,
ఈ ఊళ్ళో ఊపిరి పీల్చే ఎవరైనా చూసుకుంటారు.

కెమెరా అరవై రెండు అని మా పట్టీలో ఉంటుంది.
ఊళ్ళో దాని పేరు చావులమదుం.
రైలు పట్టాల కింద
వీధుల నీళ్ళన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరే ఇరుకు.
అక్కడి స్తంభానికి కట్టిన సెన్సర్
గంట నుంచీ ఒకే మాట చెబుతోంది:
సున్నా.

సున్నాని నమ్మడం సులువు.
టీ తాగొచ్చు.

అప్పుడు ఫోను.
"బాబూ, కొర్లమ్మని. తుడుపుదాన్ని.
మదుం కాడున్నాను. నీల్లు మోకాళ్ళ మీదికొచ్చీసినాయి."
"సెన్సర్ సున్నా చూపిస్తోందమ్మా."
అటువైపు కాసేపు వాన.
తర్వాత ఆమె గొంతు, కోపమేమీ లేకుండా:
"దానికి మోకాళ్ళు నేవు కదేటి బాబూ."

హుద్‌హుద్ నాటికి నాకు పదమూడేళ్ళు.
చెట్లు లేని ఊరు తెల్లారేసరికి
ఎవరిదో పరాయి ఊరులా ఉంది.
సిగ్నల్ లేని ఫోన్లు పైకెత్తి పట్టుకుని
జనం మేడల మీద నిలబడ్డారు.
మా నాన్న కంచరపాలెం నుంచి పెందుర్తి నడిచి వెళ్ళాడు,
అత్త ఉందో లేదో కనుక్కోడానికి.
ఆ వారం వార్తకి కాళ్ళుండేవి,
కాళ్ళకి బొబ్బలుండేవి.
అందుకే ఈ తెరలంటే నాకు చులకన లేదు.
అందుకే భయమూ ఉంది.

"గొట్టం మూతికి పాలిథిన్ సంచీ సుట్టీసుకుందయ్యా,
ఉండు, లాగీస్తాను."

నా ముందు సున్నా
డెబ్బై ఒకటైంది.
ఎరుపు. గది గదంతా కుర్చీల్లోంచి లేచింది.
పంపులకి ఒకరు, ట్రాఫిక్‌కి ఒకరు.
తెర అంచున రెండు దీపాలు,
జ్ఞానాపురం మార్కెట్‌కి కూరల ఆటో,
కొత్తిమీర కట్టల మీద ఒక కుర్రాడు
గోనె కప్పుకుని నిద్ర.

మైకు నొక్కాను. రికార్డు గొంతు పలికింది:
"ప్రజలకు విజ్ఞప్తి. లోతట్టు ప్రాంతాల వారు
అప్రమత్తంగా ఉండవలెను."
ఆటో ఆగలేదు.
ఎవరాగుతారు? అది ఏ వీధి మనిషి గొంతూ కాదు.

కొర్లమ్మ ఫోనుని మైకులో కలిపాను.
రూల్ ఉందో లేదో ఇప్పటికీ చూడలేదు.
"అమ్మా, అరువు."
స్తంభం మీంచి ఊడిపడింది కేక:
"ఓర్నాయనా! బండాపీరా! ముందర గుంట!
పిల్లడున్నాడ్రా ఎనకాల!"

దీపాలు వణికి
వెనక్కి నడిచాయి.
కుర్రాడు లేచి కూర్చుని
ఆకాశంకేసి చూశాడు, ఎవరు పిలిచారా అని.

పొద్దున్న రిపోర్టు.
సెన్సర్ పనిచేయకపోవుటకు కారణం:
సాంకేతిక లోపం, విద్యుత్ అంతరాయం, ఇతరములు.
సరిచేసిన విధానం అన్న గడి చిన్నది,
అందులో మనిషి పట్టదు.

మళ్ళీ ఫోను. ఆమే.
"బాబూ, తడి సేతికి ఏలిముద్ర పడ్నేదు.
రాత్రి హాజరు పడీలాగ కుంత సూడు."
ఆ పట్టీ తెరిచాను.
కొర్లమ్మ పేరు కెదురుగా
సున్నా.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.
మోగుతోంది, ఎత్తడం లేదు.
బయట వాన తగ్గిందని
గొడుగు మడుస్తూ వచ్చిన టీ కుర్రాడు చెప్పాడు.
మళ్ళీ చేస్తున్నాను.